చుట్ట కాలినంతసేపు

దెబోరా సంగతి చెప్పాలంటే ముందు నా తప్పు ఒప్పుకోవాలి. మూడేళ్ళపాటు ఆమె దగ్గుకి నేను ఒకే ఒక మందు చెప్పాను. చుట్ట మానెయ్యి అన్నాను. వచ్చిన ప్రతిసారీ అదే పాట. నేను అరకు దగ్గర నేరేడుగుడ సబ్‌సెంటర్లో నర్సుని. పేరు క్యాథరిన్, పుట్టింది కురుపాంలో. తెల్లచీర కట్టుకున్న కొత్తలో నర్సులకి కొంచెం కళ్ళు నెత్తికెక్కుతాయి. నాకు పద్నాలుగేళ్ళ సర్వీసు తర్వాత కూడా దిగలేదు.

దెబోరాకి ఆధార్ కార్డు ప్రకారం నలభై ఎనిమిది. ఆమె లెక్కలో నలభై. నేను అప్పా అంటాను, మా వైపు అక్కని పిలిచే మాట అది. పొడుగ్గా, ఎముకలు కనబడేలా ఉంటుంది. ముక్కుకి మూడు కమ్ములు. చర్చికి వచ్చేటప్పుడు అవి తీసేయమని పాస్టరుగారు రెండుసార్లు చెప్పారట. మూడోసారి చెప్పబోతే, "దేవుడు ముక్కు సూత్తాడేటి బాబూ?" అని అడిగిందట. ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఊళ్ళో పైడయ్య మాస్టారు అంటే పెద్ద మనిషి. ముప్ఫై ఏళ్ళు ఇక్కడి బళ్ళోనే పాఠాలు చెప్పి రిటైరయ్యారు. చర్చిలో సంఘపెద్ద. దెబోరా ఆయన దగ్గర నాలుగో తరగతి దాకా చదివింది. ఆ ఏడు ఒకరోజు ఆయన బెత్తంతో కొడితే, ఆ బెత్తం లాక్కుని ఇంటికి పట్టుకుపోయింది. మర్నాడు అడిగితే, దాన్ని పొయ్యిలో పెట్టి అంబలి కాసుకున్నామని చెప్పింది. దెబోరా చదువు అక్కడితో ఆగింది. మాస్టారు ఆ కథ ఇప్పటికీ నవ్వుతూ చెబుతారు. కానీ ఆ నవ్వు ఎప్పుడూ పూర్తిగా నవ్వులా ఉండదు.

ఆ చుట్ట సంగతీ చెప్పాలి. మా వైపు ఆడవాళ్ళు కాల్చేది అడ్డపొగ. అంటే నిప్పున్న కొస నోట్లోకి, ఆకున్న కొస బయటికి. కొత్తగా చూసినవాళ్ళు నోరెళ్ళబెడతారు. కొండగాలికీ, వానకీ నిప్పు ఆరదు, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి, అందుకని అలవాటైంది. అంగిలి పాడవుతుంది, నిజమే. నేను టార్చిలైటు వేసి ఎందరి నోళ్ళు చూశానో లెక్కలేదు. కాబట్టి చుట్ట మానమనడం నా ఉద్యోగం. తప్పు అక్కడ లేదు. ఏ దగ్గు వచ్చినా ఆ చుట్టకే కట్టేసి రిజిస్టరు మూసెయ్యడం నా తప్పు.

నాలుగేళ్ళ కిందట మాస్టారు ఊరి చివర, తన మెట్టలో, సబ్సిడీ మీద పాలీహౌస్ వేశారు. అర ఎకరం మేర ఇనప గొట్టాల మీద తెల్లటి ప్లాస్టిక్ కప్పు. ఊళ్ళో అందరూ దాన్ని డేరా అంటారు. లోపల క్యాప్సికం, కీరాదోస. తొమ్మిదిమంది ఆడవాళ్ళు పనిచేస్తారు. వాళ్ళలో మొదట చేరింది దెబోరా. పంట విశాఖ హోటళ్ళకి పోతుంది, వ్యాను తొమ్మిదికల్లా బయల్దేరాలి. అందుకని వీళ్ళు పొద్దున్న ఆరున్నరకే లోపలికి వెళ్ళాలి.

అరకు చలి మీకు తెలియకపోతే చెబుతాను. డిసెంబరు నుంచి మార్చి దాకా తొమ్మిదయ్యేవరకు పక్కింటి చూరు కనబడదు. ఏప్రిల్లో కూడా తెల్లవారుజామున మంచు, చలీ పూర్తిగా పోవు. చలిగాలి తగిలితే పూత రాలిపోతుందని మాస్టారు డేరా పక్క తెరలు పది దాకా ఎత్తనిచ్చేవారు కాదు. ఆ తెరలు చుట్టే హ్యాండిలు సూపర్‌వైజరు స్వామి చేతిలో ఉండేది. రాత్రంతా మూసిన డేరాలో ప్లాస్టిక్ కప్పు నుంచి నీళ్ళు కారుతుంటాయి. తడిసిన గోనెసంచి వాసన. కీరా ఆకుల మీద పిండి చల్లినట్టు బూడిద తెగులు, రాలిన పువ్వుల మీద బూజు. ముదురు ఆకు కోసినప్పుడల్లా ముఖం మీద దుమ్ము లేస్తుంది. కోసిన ఆకు బయటికి మొయ్యడానికి టైము చాలదని లోపలే గోడవార కుప్ప వేసేవారు. శనివారం ఆ ఎండిన కుప్పని చీపుళ్ళతో ఊడ్చేవారు.

మొదటి చలికాలంలోనే దెబోరాకి దగ్గు పట్టుకుంది. స్టెతస్కోపు పెడితే ఛాతీలో పిల్లికూతలు. టీబీ ఏమోనని కళ్ళె పరీక్షకి అరకు పంపాను. లేదని వచ్చింది. ఇంకేముంది, చుట్ట అన్నాను.

"మరి ఆదోరం ఎందుకు రాదు నర్సమ్మా?" అంది.

"ఏమిటి రానిది?"

"దగ్గు. ఆదోరం నాడు పనిలేక నాలుగు సుట్టలు కాలుత్తాను. దగ్గు నేదు. సోమారం డేరాలోకెల్తే మజ్జానానికి కూత మొదలు. సుట్టకి సోమారం, ఆదోరం తెలుత్తాదేటి?"

ఎంత సూటి ప్రశ్నో చూడండి. దానికి నేను చెప్పిన జవాబు, "నీకు అలా అనిపిస్తుంది అప్పా." ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆమె చెప్పింది పరీక్ష ఫలితం, నేను చెప్పింది చిలకపలుకు.

కిందటేడు శ్రమకాలం మొదలైన రోజున సబ్‌సెంటరుకి వచ్చింది. ఈస్టరుకి ముందు నలభై రోజులు మావాళ్ళు ఇష్టమైనదేదో ఒకటి మానుకుంటారు. కొందరు మాంసం, కొందరు టీ. దెబోరా నా బల్లమీద చుట్టల కట్ట పెట్టింది.

"నలబై రోజులు ఇది నీ కాడే ఉంచు. దగ్గు పోతే నువ్వు గెలిసినట్టు, మరి జన్మలో ముట్టను. పోకపోతే నువ్వొచ్చి మా డేరాలో ఓ శనారం పొద్దు నిలబడాల."

సరేనన్నాను. నేనే గెలుస్తానని ఎంత నమ్మకమంటే, చుట్ట మాన్పించిన కేసుగా పై ఆఫీసుకి పంపే రిపోర్టు కూడా మనసులో రాసేసుకున్నాను. ఆమె నలభై రోజులూ చుట్ట ముట్టలేదు. చేతులు వణికేవి, ఇంట్లో అందరి మీదా విరుచుకుపడేదట. దగ్గు మాత్రం అలాగే ఉంది, చివరి వారాల్లో ఇంకా పెరిగింది. ఈస్టరుకి ముందురోజు శనివారం. పొద్దున్నే మా గుమ్మంలో నిలబడి, "బేగి రా, ఊడ్సడం మొదలెట్టేత్తారు" అంది.

వెళ్ళాను. తొమ్మిదిమందితోపాటు ఆరున్నరకి లోపల నిలబడ్డాను. చీపుళ్ళు లేచాయి. మంచులోంచి ఎండ కాస్త తొంగిచూసేసరికి ఆ వెలుతురులో గాలి ఎంత మురికిగా ఉందో కనబడింది. బూడిదరంగు, పసుపు కలిసిన పొడి మెల్లగా తేలుతోంది, కింద పడదు. పావుగంటకి కళ్ళు మండాయి. అరగంటకి గొంతులో ఎవరో గరికపోచ పెట్టి తిప్పుతున్నట్టు దురద. గంటైనా నిలబడదామనుకున్నాను. నలభై నిమిషాలకే బయటికొచ్చి గట్టుమీద కూర్చుని దగ్గాను. మధ్యాహ్నం ప్రార్థనలో కూడా దగ్గుతూనే ఉన్నాను. చుట్ట కాదు కదా, నేను కాఫీ కూడా తాగను.

"తప్పు నాదే అప్పా," అన్నాను. ఆమె నవ్వలేదు. గెలిచినవాళ్ళు నవ్వాలి కదా, అదీ లేదు. "ఒప్పుకున్నావు గదా, సాలు. ఇప్పుడు తెర ఎత్తించు," అంది.

తెర ఎత్తించడం. ఆమెకి కావలసింది అంతే. పొద్దున్న లోపలికి వెళ్ళకముందు డేరాకి రెండుపక్కలా తెరలెత్తి, ఒక చుట్ట కాలినంతసేపు గాలి పోనిచ్చి, ఆ తర్వాత పని మొదలుపెట్టాలి. ఆ మాట పట్టుకుని మాస్టారి దగ్గరికి వెళ్ళాను. ఆయన కుర్చీ వేశారు, టీ ఇచ్చారు, అంతా విన్నారు.

"సిస్టర్, మీకు వ్యవసాయం తెలీదు. చలిగాలి తగిలితే పూత నిలవదు. వాళ్ళ దగ్గుకి కారణం చుట్ట. ఆ మాట మూడేళ్ళుగా మీరే చెబుతున్నారు కదా?"

నా మాట నాకే అప్పగించారు. టీ సగంలో వదిలేసి లేచాను. బయటికొచ్చేటప్పుడు ఆయన ఒక మాస్కుల పెట్టె చేతిలో పెట్టారు. వాటిని పంచాను. ఆ తడికి అరగంటలో ముక్కుకి అంటుకుపోయేవి. నీలవేణి అని డేరాలో అందరికంటే చిన్నది, పెళ్ళై ఏడాదైన గుంట. రెండోరోజునే తీసి నడుంలో దోపుకుంది. "ఊపిరి ఆడక సచ్చీకన్నా దగ్గుకుంటా బతకడం మేలు అక్కా," అంది.

దెబోరా ఇంక నన్ను అడగలేదు. వాళ్ళమ్మ పద్ధతి ఒకటి బయటికి తీసింది. పూర్వం కోతలయ్యాక సామల విత్తనం ఇంట్లో ఎక్కడ వేలాడదీయాలో తేల్చడానికి ఆ తల్లి అడ్డాకు దొప్పల్లో ఇంత సామన్నం పెట్టి, ఇంటి నాలుగు మూలలా ఉంచేదట. ఒక చుట్ట కాలినంతసేపు తెరిచి ఉంచడం, ఆపైన ఇంకో ఆకు కప్పి నారతో కట్టడం, నాలుగు రోజులాగి విప్పి చూడడం. ఎక్కడి దొప్ప తక్కువ బూజు పడితే విత్తనం అక్కడ. ఎక్కువ పడ్డచోట గాలి మంచిది కాదని గుర్తు. ఇది నాకు తర్వాత తెలిసింది. ముందే తెలిసుంటే, ఆ తర్వాత జరిగిన గొడవ కొంత తప్పేదేమో.

ఒక మంగళవారం పొద్దున్న ఆరుగంటలకి ఆమె ఆరు దొప్పలు డేరాలో కీరా వరసల మధ్య పెట్టింది. తెరలు మూసే ఉన్నాయి. తాను బయట గట్టుమీద కూర్చుని ఒక చుట్ట కాల్చింది, వెళ్ళి దొప్పలు కట్టి బుట్టలో వేసుకుంది. ఆ సాయంత్రం ఇంటి దగ్గర పనసచెట్టు కింద ఆరు పెట్టింది. ఇంట్లో పొయ్యి పక్కన ఇంకో ఆరు. వాటి ముందు కూర్చుని చుట్టపొగ వాటి మీదికే ఊదిందట. చుట్టకి కూడా తన వాటా న్యాయం జరగాలి కదా.

బుధవారం అసలు పని. ఐదుగంటలకే వెళ్ళి, స్వామి గూట్లో దాచిన హ్యాండిలు తీసి తెరలు రెండూ పైకి చుట్టేసింది. ఒక చుట్ట కాల్చింది. అప్పుడు ఆరు దొప్పలు లోపల పెట్టి, అవతలి గట్టుకి పోయి రెండో చుట్ట వెలిగించింది.

సరిగ్గా అప్పుడే స్వామి వచ్చాడు. మంచులో చూసింది ఏమిటంటే, తెరలు వాటంతటవే లేచి ఉన్నాయి, మనిషి జాడ లేదు, పంట మధ్యలో వరసగా ఆరు ఆకుదొప్పలు, ఒక్కోదాంట్లో తెల్లటి అన్నం ముద్ద. మా కొండల్లో పుట్టినవాడికి దాన్ని చూస్తే ఒకటే మాట తోస్తుంది. చిల్లంగి. ఎవరో పంటమీద చేతబడి పెట్టారని.

స్వామి పరుగెత్తిన తీరు తర్వాత ఊళ్ళో పిల్లలు ఆడి చూపించేవారు. మాస్టారు కండువా లేకుండా వచ్చారు. ప్రతి ఆదివారం ముందు వరసలో నిలబడి దురాత్మల్ని పారదోలే ప్రార్థన చేసే మనిషి, దొప్పలకి పది గజాల దూరంలో ఆగిపోయారు. ముచ్చెమటలు పోశాయి. బైబిలు ఒక చేత్తో, మొలతాడు రెండో చేత్తో పట్టుకున్నారని నీలవేణి అంటుంది. ఆ రెండో మాట నేను నమ్మను గానీ, నమ్మాలనిపిస్తుంది.

దెబోరా డేరా చుట్టూ తిరిగి వచ్చింది. నోట్లో చుట్ట తీసి, "అయ్యి నాయే," అంది.

ఎందుకు పెట్టిందో చెప్పబోయింది. ఎవరు వింటారు? "నువ్వు ఇంక ఈ గేటు లోపల అడుగుపెట్టకు," అన్నారు మాస్టారు. దొప్పలు ముట్టుకోవడానికి ఎవరికీ ధైర్యం లేకపోయింది, అదొకటి మేలైంది. ఆమే వెళ్ళి ఆరింటికీ మూతలు కట్టి, అందరి ముందూ బుట్టలో పెట్టుకుని ఇంటికి పోయింది.

మధ్యాహ్నానికి ఊరంతా పాకింది. ఇది నవ్వులాట కాదు. చిల్లంగి మాట పడ్డ ఆడదాన్ని కొట్టి, పళ్ళూడగొట్టి ఊరు దాటించిన సంగతులు మా అమ్మమ్మ కాలంవి కావు, నేను ఉద్యోగంలో చేరాక విన్నవే. నాకు నిజంగా భయం వేసింది. సాయంత్రం దెబోరా ఇంటికి వెళ్ళాను. వాకిట్లో చోళ్ళు చెరుగుతోంది. పక్కింటివాళ్ళు తలుపు వేసుకున్నారు.

"అప్పా, గుమ్మలక్ష్మీపురంలో మీ చెల్లెలుంది కదా, నాలుగు రోజులు అక్కడికి వెళ్ళిరా. ఇక్కడ నేను మాట్లాడతాను."

"నువ్వేటి మాటాడతావు?"

"ఏదో ఒకటి..."

"నానెందుకెల్తాను నర్సమ్మా? ఎల్లాల్సింది బూజు. నానెల్తే సిల్లంగిదని నా సేత్తో నానే రాసిచ్చినట్టు. ఆ ఎనిమిదిమందీ మల్లీ ఆ గాలే పీలుత్తారు." చేట దులిపింది. "ఆదోరం గుడి కాడ పెద్దలు నన్ను పిలుత్తారంట గదా. వత్తాను. బుట్ట కూడా తెత్తాను."

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ముందు రేకుల షెడ్డులో జనం కూర్చున్నారు. క్రైస్తవులు కానివాళ్ళూ వచ్చారు, చిల్లంగి అంటే ఎవరు రారు? మాస్టారు కుర్చీలో, స్వామి పక్కన నిలబడి. దెబోరా ఇస్త్రీ చీర కట్టుకుని, నెత్తిన బుట్టతో వచ్చింది. బుట్ట దించేసరికి ముందు వరస మొత్తం రెండడుగులు వెనక్కి జరిగింది.

పెద్దలు ఏదో అడగబోయారు. ఆమె ఆగలేదు. ఏ దొప్ప ఎక్కడిదో చెప్పింది. డేరా మూసినప్పటి వాటికి నల్లదారం, తెరలెత్తాక పెట్టినవాటికి తెల్లదారం, పొయ్యి పక్కవాటికి ఎర్రది, పనసచెట్టు కిందివి ఉత్త నారతో. "అడ్డాకే, అన్నం ఒక్క కుండలోదే, సేపు ఒక్కటే. ఎవరన్నా వచ్చి ఇప్పండి," అంది.

ఎవరూ కదల్లేదు. ఆమె విప్పితే కనికట్టు అంటారు, ఇంకొకరు విప్పడానికి భయం. నేను లేచాను. భయపడ్డాను. దొప్పలకి కాదు, జనానికి. చిల్లంగి పక్క చేరిన నర్సు చేత రేపు బిడ్డలకి సూది ఎవరు వేయిస్తారు అన్న ఆలోచన వచ్చింది, దాచను. అయినా కూర్చుని ఒక్కొక్కటీ విప్పాను.

నల్లదారంవి ఆరూ ఒకేలా ఉన్నాయి. అన్నం కనబడలేదు. ఆకుపచ్చ, బూడిదరంగు నూగు పిల్లి ఒంటిమీద బొచ్చంత దట్టంగా లేచింది, మధ్యలో నల్లటి మచ్చలు. మిగతావన్నీ శుభ్రంగా ఉన్నాయని అబద్ధం చెప్పను. పనసచెట్టు కిందివాటికి రెండు మూడు చుక్కలున్నాయి. చుట్టపొగ తిన్న ఎర్రదారంవాటికీ అంతే. తెరలెత్తాక పెట్టినవాటిలో ఒకదానికి నాలుగు చుక్కలు, మిగతావాటికి ఒకటీ రెండూ. నాలుగు రకాలూ వరసగా పెడితే చంటిపిల్ల కూడా ఏది ఏదో చెప్పగలదు. వెనకవాళ్ళు లేచి ముందుకొచ్చారు. ముందు వరసవాళ్ళు ఇందాక వెనక్కి జరిగిన రెండడుగులూ ముందుకొచ్చి, ఇంకో రెండు వేశారు.

"ఇదేటి రుజువు? అన్నానికి బూజు పడదేటి?" అన్నాడు స్వామి.

దెబోరా అతనివైపు చూడను కూడా లేదు. మాస్టారి ముందుకి వెళ్ళి నిలబడింది.

"మాస్టారూ, నాలుగో తరగతిలో మీరు తడిపిన రొట్టెముక్క సీసాలో పెట్టి తెచ్చినారు. నాలుగు రోజులాగి సూపించి, బూజు ఎక్కడినుంచి వచ్చింది అని అడిగినారు. ఎవరం సెప్పనేదు. గాల్లోంచి వత్తాది, కంటికి కనబడని గింజలు గాల్లో ఉంటాయి, తడి దొరికితే మొలుత్తాయి అని మీరే సెప్పినారు. నాను మరిసిపోనేదు. మీరు మరిసిపోనారు."

ఆమె నల్లదారం దొప్ప ఒకటి ఎత్తి ఆయన ముఖానికి జానెడు దూరంలో పట్టుకుంది.

"ఇది నాను పెట్టిన సిల్లంగైతే ముక్కు పెట్టి పీల్చండి. నానూ పీలుత్తాను. మూడేళ్ళబట్టి రోజూ మాకు అదే గదా."

ఆయన తల వెనక్కి తీసుకున్నారు. అంత చిన్న కదలిక ఊరు ఊరంతా చూసింది. నాకు ఆయన మీద కోపం ఉండాల్సింది, ఆ క్షణంలో జాలి కూడా వేసింది. ముప్ఫై ఏళ్ళు చెప్పిన పాఠం ఒక్క పిల్లకి ఎక్కింది, ఆ పిల్ల బెత్తం ఎత్తుకుపోయిన పిల్ల.

ఆయన, "తెరలెత్తితే పంట పోతుందమ్మా," అన్నారు, దాదాపు బతిమాలుతున్నట్టు.

"పంట పోతే మల్లీ ఏత్తాం. మా ఊపిరితిత్తులు పోతే ఏ విత్తనం పెట్టి మొలిపిత్తారు?"

అప్పుడు నీలవేణి లేచింది. అత్త కొంగు పట్టుకుని లాగుతున్నా ఆగలేదు. "నాకూ కూత వత్తంది మాస్టారూ. నాను సుట్ట కాల్చను," అంది. ఆ తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. తొమ్మిదిమందిలో ఏడుగురికి దగ్గుందని నాకు ఆరోజే తెలిసింది. మిగతావాళ్ళు నాతో ఎందుకు చెప్పలేదని అడగలేదు. చెబితే నేను ఏమంటానో వాళ్ళకి తెలుసు.

మాస్టారు ఒప్పుకున్నారు. మనస్ఫూర్తిగా అని ఎవరూ అనరు. పొద్దున్న అరగంట తెరలెత్తి ఉంచుతారు, ఆకుచెత్త ఏరోజుది ఆరోజు బయటికి మోయిస్తారు, శనివారం ఊడిచేముందు నీళ్ళు చల్లుతారు. అరగంట లెక్కకి గేటు దగ్గర గోడగడియారం తగిలించారు. దెబోరా మళ్ళీ పనిలోకి వెళ్ళింది. చిల్లంగి మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. దెబోరాకి క్షమాపణ కూడా ఎవరూ చెప్పలేదు, నేను తప్ప. నేను రెండోసారి చెప్పాను.

నెల్లాళ్ళు బాగానే గడిచింది. ఒకరోజు నీలవేణికి అనుమానం వచ్చింది. అరగంట అయిందని స్వామి గేటు తీశాడు గానీ, ఎండ ఇంకా గేటు పక్క చెట్టు కొమ్మ దిగలేదు. రోజూ కొమ్మ దిగాకే లోపలికి వెళ్ళేవాళ్ళు. ఫోన్లో టైము చూస్తే గడియారం పావుగంట ముందుంది. స్వామి గుడ్లప్పగించాడు. బ్యాటరీ అన్నాడు. బ్యాటరీ అయిపోతే గడియారం వెనకబడుతుంది గానీ ముందుకి పరుగెత్తదని గుంట తేల్చి చెప్పింది.

దెబోరా గడియారం కిందికి దించి స్వామి చేతిలో పెట్టింది. "ముల్లు మీరు తిప్పగలరు. నా నోట్లో నిప్పు మీరు తిప్పలేరు," అంది. రొంటినుంచి చుట్ట తీసి వెలిగించి, నిప్పు కొస నోట్లో పెట్టుకుని గట్టుమీద కూర్చుంది. ఎనిమిదిమందీ ఆమె పక్కన కూర్చున్నారు. ఆరోజు నుంచి అదే లెక్క.

ఇప్పటికి ఏడాది దాటింది. కీరాకి బూడిద తెగులు తగ్గింది. గాలి ఆడించడం తన సొంత ఆలోచన అని మాస్టారు పాడేరులో రైతుల సమావేశంలో చెప్పుకొచ్చారట. దెబోరాకి చెబితే, "సెప్పుకోనీ, తెర లేత్తంది గదా," అంది. దగ్గు పూర్తిగా పోలేదు, మూడేళ్ళది అంత తేలిగ్గా పోదు. పిల్లికూతలు మాత్రం లేవు. నెలనెలా ఆమె నోట్లో టార్చి వేసి అంగిలి చూస్తాను. రోజుకి ఒక్కటే, పొద్దుటి చుట్ట ఒక్కటే అని మాట తీసుకున్నాను. దానికి కూడా ఒప్పుకోకూడదు నేను, నా ఉద్యోగం అలాంటిది. పై ఆఫీసుకి ఈ సంగతి రాయలేదు.

మొన్న డిసెంబరులో చలి బాగా ముదిరిన రోజున టీకాల పెట్టె భుజాన వేసుకుని అటుగా వెళ్ళాను. తెరలు పైకి చుట్టి ఉన్నాయి. డేరాలోంచి తెల్లటి ఆవిరి రెండుపక్కలా బయటికి పోతోంది. మాస్టారు వ్యాను పక్కన నిలబడి చేతులు రుద్దుకుంటున్నారు. డ్రైవరు హారన్ కొట్టాడు. దానికి ఎవరూ తల తిప్పలేదు.

"ఇంకెంతసేపు దెబోరా? చలికి పూత మాడిపోతోంది," అన్నారు మాస్టారు.

దెబోరా ఆయనవైపు చూసి, చుట్ట ఇంకా ఎంతుందో బొటనవేలు, చూపుడువేలు ఎడం చేసి చూపించింది. నోట్లో నిప్పుంది, మాట్లాడలేదు. గట్టుమీంచి లేవనూ లేదు. నేను పెట్టె కింద పెట్టి, ఆ తొమ్మిదిమంది పక్కన కూర్చున్నాను.